ఎముక కట్టేదాకా మౌనం

మా తమ్ముడు బ్యాండు మేళంలో బాకా ఊదుతాడు. ఇంట్లో వెనక గదిలో సాధన చేస్తాడు. ఆ గది కిటికీకి ఎదురింట్లో అద్దెకు దిగినవాళ్లెవరూ నిలవరు.

ఆ గదిలో వాళ్లమ్మను ఉంచుకుంటానని మా మరదలు కొన్నాళ్లుగా అంటోంది. వాడికి ఇష్టం లేదు. ఆ మాట పెళ్లాం మొహం మీద అనే ధైర్యమూ లేదు.

ఇంతలో వాడికి జ్ఞానదంతం దగ్గర చిగుళ్లు వాచాయి. ఆ పన్ను ఉన్నన్నాళ్లూ వాడికి జ్ఞానం ఉన్న దాఖలా ఏమీ లేదు.

పంటి డాక్టరు దగ్గరికి నేనే వెంట వెళ్లాను. పన్ను పీకాక దవడలో గుంట మిగిలింది. అలాగే వదిలేస్తే పక్క పంటికి ఊతం పోతుందని డాక్టరు అందులో ఎముక పొడి నింపి కుట్లు వేశాడు. మెల్లగా కొత్త ఎముక కడుతుందట. అందాకా బాకా ఊదకూడదు, గట్టిగా పుక్కిలించకూడదు. నెమ్మదిగా మాట్లాడవచ్చు.

ఆ చివరి మాటను మా తమ్ముడు డాక్టరు గదిలోనే వదిలేసి వచ్చాడు.

గుమ్మంలోనే మరదలు గది సంగతి ఎత్తింది. వాడు పెదవుల మీద వేలు పెట్టుకుని, కాగితం మీద రాసి చూపించాడు. ఎముక కట్టేదాకా మాట్లాడకూడదట.

ఆవిడ పలక తెచ్చి ఒళ్లో పెట్టి, ఔనో కాదో రాయమంది. రాసేటప్పుడు పళ్లు బిగుసుకుంటాయి కాబట్టి రాయడమూ ప్రమాదమేనని వాడు పలక నిండా రాశాడు. పోనీ తల ఊపమంది. వాడు రెండు చేతులా గడ్డం పట్టుకుని, తల కదిలితే పొడి రాలిపోతుందని కళ్లతోనే బెదిరించాడు.

మరదలు నావైపు తిరిగింది.

"బావగారూ, మీరే సాక్షి. వద్దని ఈయన ఒక్క మాట అన్నారా?"

"లేదమ్మా."

"రాశారా? తలైనా అడ్డంగా ఊపారా?"

"లేదు."

ఉన్నదే చెప్పాను. డాక్టరు ఏమన్నాడో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. తన నోటికి తానే తాళం వేసుకున్నవాడి కోసం నా నోరు అరగదీసుకోవడం దేనికి?

ఆవిడ అక్కడే తల్లికి ఫోన్ చేసి, అల్లుడికి ఏ అభ్యంతరమూ లేదంది. వాడు కుర్చీలో గిలగిల్లాడాడు, గడ్డం మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు దిగింది. వెంట ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, కుట్టుమిషను. అవి వెనక గదికి, బాకా మెట్ల కిందికి. బాకాను గది గడప దాటిస్తుంటే ఊరుకోవడం వాడి వల్ల కాలేదు.

"ఆగండి. ఆ గది నాది," అన్నాడు. స్పష్టంగానే అన్నాడు.

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తాను ఇంట్లో అడుగుపెట్టగానే అల్లుడికి మాట వచ్చిందట.

మరదలు నడుం మీద చెయ్యి వేసుకుని వాడి ఎదుట నిలబడింది.

"మాట వచ్చేసిందిగా. మా అమ్మ ముందే చెప్పండి. ఏమంటారు?"

వాడు పెళ్లాన్ని చూశాడు. అత్తగారిని చూశాడు. సాయానికి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"రండత్తయ్యా," అన్నాడు. "ఆ గది గడప కాస్త ఎత్తు. చూసుకుని అడుగు వేయండి."