మాస్టారి క్లాసులో ముందు బల్ల

చొక్కా ఇస్త్రీ చేసుకుని, అద్దం ముందు ఒకసారి పాఠం అప్పజెప్పుకుని, తర్వాత తీరిగ్గా కాఫీ తాగాలన్నది ఆ ఉదయం డ్రైవింగ్ మాస్టారి ఏర్పాటు. ప్రభుత్వం ట్రాఫిక్ జరిమానాలను సంస్కరించింది. కొన్ని నెలలుగా, తప్పు చేస్తే లైసెన్సు మీద మచ్చ పడుతోంది. క్లాసుకొచ్చి బుద్ధిగా కూర్చుంటే ఆ మచ్చ పోతుంది. వచ్చే ఆదివారం మొదటి క్లాసు చెప్పేది మాస్టారే. ఆ సంగతి ఊరంతటికీ తెలిసేందుకు ఆయన తగినంత శ్రమపడ్డారు.

ఇస్త్రీ సగంలో ఉండగా ఫోన్లో మెసేజ్ వచ్చింది. మాస్టారి కారు ఎర్రలైటు దాటిందట. కెమెరాకి కారు వెనకభాగమే చిక్కింది కాబట్టి, నడిపిందెవరో తెలపాలట.

"ఇప్పటికే రెండు మచ్చలున్నాయే," అన్నారు మాస్టారు. " ఇంకొకటి పడితే లైసెన్సు ఆగిపోతుంది. మన డ్రైవింగ్ స్కూలుకి తాళమే."

"క్లాసులో కూర్చుంటే పోతుందిగా," అంది భార్య, చొక్కా మీద పొగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టెను లేపుతూ.

"నా క్లాసులో నేనే బల్ల మీద కూర్చోనా? తల ఎక్కడ పెట్టుకోను?"

"అయితే నేను నడిపానని పెట్టేయండి. నా లైసెన్సు బీరువా దాటి బయటికి రాలేదు. మచ్చ పడితే పడనీండి, నేనొచ్చి కూర్చుంటాను."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం ఆవిడ ముందు బల్ల మీదే కూర్చుంది. ఆవిడెవరో క్లాసులో ఎవరికీ తెలియదు. గది వెనక తనిఖీకొచ్చిన ఆఫీసరున్నాడు. ఎవరి తప్పు వాళ్ళు నోటితో చెప్పాలన్నది కొత్త పద్ధతి. మాస్టారు ఆవిణ్ణి దాటేసి లారీ డ్రైవరు వైపు తిరిగారు.

"ముందు బల్ల ఆవిణ్ణి వదిలేశారేం మాస్టారూ?" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ లేచింది. కొత్తగా కథ అల్లడం చేతకాని మనిషి. జరిగిందే చెప్పింది, సీట్లు మాత్రం మార్చింది.

"మా ఆయన పక్కన కూర్చున్నారండి. లైటు మారుతోంది, మెల్లిగా వెళ్ళమన్నారు. నాకే నేర్పుతారా అని కసిరాను. ఆ ఊపులోనే దాటేశాను."

"ఎంత ఓర్పండీ ఆయనది," అన్నాడు లారీ డ్రైవరు.

"రోజూ ఇంతేనా అమ్మా?" అని పక్కనున్న పెద్దావిడ ఆరా తీసింది.

"రోజూ ఇంతేనండి. దారి తప్పినా ఎవర్నీ అడగనివ్వను."

"ఇలాంటివాళ్ళకి స్టీరింగ్ ఇవ్వడమే తప్పు," అని ఎవరో తేల్చేశారు. క్లాసంతా తలాడించింది.

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఆగలేకపోయారు.

"ఊరికే అనేస్తే ఎలాగండీ? వెనక బస్సువాడు హారన్‌తో ప్రాణం తీస్తుంటే ఆగేదెలా? పైగా అప్పటికింకా పసుపే ఉంది."

"ఆవిడ బస్సు మాటే ఎత్తలేదే. మీకెలా తెలిసింది?" అన్నాడు ఆఫీసరు.

మాస్టారి చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది. నిజం బయటపడడానికి అట్టే సేపు పట్టలేదు.

"లైసెన్సు పోయినట్టేనా సార్?" అన్నారు మాస్టారు చివరికి.

"ఒప్పుకున్నారు కాబట్టి క్లాసు పూర్తి చేస్తే పోదు. కూర్చోండి. అబద్ధమాడినందుకు మిగతా పాఠం ఆవిడ చదివి వినిపిస్తారు."

ఆవిడ ముందు బల్ల ఖాళీ చేసి వెళ్ళి పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం పూర్తికాకుండానే మాస్టారి చెయ్యి సగం పైకి లేచింది.

"సందేహాలుంటే ఇంటికెళ్ళాక అడగండి," అంది ఆవిడ.

మాస్టారికి సందేహాలేమీ లేవు.