బంపరు మీద పేరు

సొంత పేరుతో కారు నంబరు ప్లేటు కొనుక్కోవడం డబ్బున్నవాళ్ళ దండగ సరదా అని మీరు అనుకుంటూ ఉంటే, దయచేసి ఆ అభిప్రాయాన్ని ఇప్పుడే మార్చుకోండి. అది సరదా కాదు, వైద్యం! కళ్ళజోడు లాంటిది, పళ్ళ సెట్టు లాంటిది. కాకపోతే కళ్ళజోడు మనకి లోకాన్ని చూపిస్తుంది, ఈ ప్లేటు లోకానికి మనల్ని చూపిస్తుంది. రెండిట్లో ఏది ముఖ్యమో మీరే చెప్పండి!

నమ్మకం కుదరకపోతే ఎక్స్‌రే ఆయన సంగతి వినండి.

ఒక పెద్దాసుపత్రిలో మెట్లు దిగి, మందుల స్టోరు దాటి, కుడివైపు తిరిగితే ఒక కిటికీ లేని గది వస్తుంది. ఆ గదిలో ఆయన ఇరవై రెండేళ్ళుగా ఎక్స్‌రేలు తీస్తున్నాడు. ఊళ్ళో సగం మంది ఎముకలు ఆయనకి తెలుసు. ఆయన మాత్రం ఎవరికీ తెలియదు. "గాలి పీల్చండి... బిగపట్టండి... వదలండి" అని రోజుకి నూరుసార్లు అంటాడు కాబట్టి నర్సులు ఆయనకి 'బిగపట్టు గారు' అని పేరు పెట్టారు. డాక్టర్లు ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. "ఎక్స్‌రే!" అని పిలుస్తారు. మెడలో పేరూ ఫొటో ఉన్న కార్డు వేలాడుతూనే ఉంటుంది. మెడలో వేలాడేదాన్ని ఎవరు చదువుతారండీ?

ఇన్నేళ్ళూ ఇదంతా ఆయనకి పట్టలేదు. పట్టించినవాడు బావమరిది.

బావమరిది ఫ్లాట్లు కట్టి అమ్ముతాడు. ఒక ఆదివారం అత్తగారింట్లో భోజనాలకి నల్లటి కొత్త కారులో దిగాడు. కారు సంగతి అలా ఉంచండి. దాని వెనక మామూలు నంబరు లేదు. 'బాస్' అని ఉంది, పక్కన ఒక్కటంటే ఒక్కటే అంకె.

అంతే! వడ్డించిన కంచాలు వదిలేసి ఇంటిల్లిపాదీ వీధిలోకి నడిచారు. అత్తగారు ఫొటో తీయించుకుంది. కారు పక్కన నిలబడి కాదు, ప్లేటు పక్కన వంగి! వంగితే లేవలేని మనిషి! ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది, అయినా మొహంలో నవ్వు చెక్కు చెదరలేదు.

"మీరూ ఒకటి తీసుకోండి బావగారూ," అన్నాడు బావమరిది. "జనం గుర్తుపట్టాలి కదా!"

"నన్ను గుర్తుపట్టరంటావా?"

"ఇందాక మీ కారు వెనకాలే వచ్చాను, రెండు కిలోమీటర్లు. మీదని తెలీక హారన్ కొడుతూనే ఉన్నా. ఒకసారి తిట్టాను కూడా, ఏమీ అనుకోకండి."

ఆ మాట ఆయన గుండెలో చీపురుపుల్లలా గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేర్ల ప్లేట్లు అమ్మడానికి రవాణా శాఖ కొత్తగా తెరిచిన వెబ్‌సైటులో ఏడు ఖాళీ గళ్ళున్నాయి. వాటిలో మనకి కావలసిన అక్షరాలు కొడితే, పైన బొమ్మలో తళతళలాడే ఎర్ర కారుకి అవి అతుక్కుంటాయి. మన కారు ఏ రంగుదైనా, ఎంత పాతదైనా, బొమ్మలో మాత్రం కొత్త ఎర్ర కారే. ప్రభుత్వానికి ఇంత మంచి మనసుందని ఎవరనుకున్నారు!

చిక్కల్లా ఒక్కటే. ఆయన పేరు ఇంగ్లీషులో పదకొండక్షరాలు. పెట్టిన తాతగారు నంబరు ప్లేట్లని దృష్టిలో పెట్టుకోలేదు. ముందు సగం మాత్రం కొడితే ఆడపిల్ల పేరయింది. వెనక సగం కొడితే పురుగులమందు పేరులా ఉంది. ముద్దుపేరు కొడదామంటే అది అప్పటికే ఇంకెవరో ముద్దొచ్చేవాడు పట్టుకుపోయాడు. చివరికి అచ్చులన్నీ పీకేసి హల్లులు మాత్రం మిగిల్చాడు. సరిగ్గా ఏడు!

భార్యని పిలిచాడు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. దిద్దుతున్న పేపర్లు చేతిలో పట్టుకునే వచ్చింది.

"ఏదీ, చదువు."

ఆవిడ ఒకసారి ప్రయత్నించింది. కళ్ళజోడు సర్దుకుని రెండోసారి ప్రయత్నించింది.

"ఇది పేరా, తుమ్మా?"

"అచ్చులు మనసులో కలుపుకుని చదవాలి."

"వెనకాల వచ్చేవాడికి అంత తీరికెక్కడిదండీ? అయినా మన కారుకి పక్క సీటు తలుపు రెండేళ్ళుగా లోపల్నుంచి తెరుచుకోవట్లేదు. నేను దిగాలంటే అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, దొంగలా తెరుచుకుంటున్నాను. ముందు అది బాగుచేయించకూడదూ? దీని ఖరీదుతో నాలుగు తలుపులూ కొత్తవొస్తాయి."

"తలుపు బాగైందని వెనకాల వచ్చేవాడికి తెలుస్తుందా?" అన్నాడాయన.

ఎంత సూటి ప్రశ్న! ఆవిడ పేపర్లు పట్టుకుని వెళ్ళి మళ్ళీ దిద్దడానికి కూర్చుంది. ఆ పూట పిల్లలకి మార్కులు కొంచెం తక్కువే పడ్డాయి.

ఆయన మాత్రం డబ్బు కట్టకుండా ఆ ఏడక్షరాల్నీ రిజర్వు చేశాడు. శుక్రవారం సాయంత్రం అయిదింటిదాకా మీకోసం అట్టే పెడతామని వెబ్‌సైటు మాటిచ్చింది. ఒక మనిషి పేరుని అయిదు రోజులు ఎవరికీ ఇవ్వకుండా దాచిపెట్టే సంస్థ ఇంకెక్కడైనా ఉందా?

సోమవారం పొద్దున్నే బావమరిది ఫోన్ చేశాడు.

"బావగారూ, నేను పనిమీద వేరే ఊరెళ్తున్నా, గురువారం వస్తా. నా కారు మీరు తిప్పండి. పేరంటే ఏంటో మూడ్రోజుల్లో మీకే తెలుస్తుంది."

తెలిసింది.

ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన పాసు చూడందే అడ్డకర్ర ఎత్తడు. అలాంటిది 'బాస్' కనిపించగానే కర్ర దానంతటదే లేచిందా అన్నట్టు లేచింది. పైగా సెల్యూటు! లోపల కూర్చున్నది ఎవరో వంగి చూడనేలేదు. పార్కింగులో పెద్ద డాక్టరు తన కారుని పక్కకి తీసి దారిచ్చాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ ఆయనకి కారిడార్లో కూడా దారిచ్చిన మనిషి కాదు! ఎక్స్‌రే ఆయన స్టీరింగు వెనక ఇంకో రెండంగుళాలు పొడుగు పెరిగాడు.

మంగళవారం ఇంకొంచెం తెలిసింది. సిగ్నల్ దగ్గర స్కూటరు మీదున్న ఒకాయన అద్దం మీద టకటకా కొట్టాడు.

"ఏం బాసూ, లిఫ్టు ఎప్పుడు పెట్టిస్తావ్?"

"ఏ లిఫ్టండీ?"

"ఏ లిఫ్టా! తాళాలిచ్చి ఎనిమిది నెలలైంది. మా అమ్మ అయిదంతస్తులు ఎక్కలేక కిందికి దిగడమే మానేసింది. కిటికీలోంచి తాడు కట్టి బుట్ట దింపుతోంది కూరగాయలకి!"

"ఆ బాసు నేను కాదండీ. ఆయన బావని."

"మరీ మంచిది. బయటివాళ్ళం చెబితే వినడు, ఇంట్లోవాళ్ళు చెబితే వింటాడు. చెప్పు!"

సిగ్నల్ పచ్చబడింది. తరవాతి సిగ్నల్ దగ్గర కూడా స్కూటరు పక్కనే ఉంది. ఆ తరవాతి దాని దగ్గరా ఉంది. సాయంత్రం ఆ స్కూటరుని తప్పించుకుని వేరే వీధిలోంచి ఇంటికొస్తుంటే ఒక ఇల్లాలు వీధిలోకి పరిగెత్తుకొచ్చి, మొన్నటిదాకా తమ గేటుకి అడ్డంగా కారు పెట్టిన పాపానికి ఆయన్ని కడిగి ఆరేసింది. పాపం, ఆయన ఆ వీధిలోకి రావడం అదే మొదటిసారి.

చూశారా ప్లేటు మహిమ! మామూలు నంబరైతే ఆ స్కూటరు ఆయన ఎవర్ని తిట్టాలో తెలియక ఆకాశాన్ని తిట్టుకుంటూ పోయేవాడు. ప్లేటు ఉంది కాబట్టి తిట్టు నేరుగా అడ్రసుకి చేరింది. అడ్రసులో మనిషి మారాడంటారా? పోస్టులో అలాంటివి మామూలే.

అసలైన వైభోగం బుధవారం నాడు. అప్పటికి మూడు రోజులుగా 'బాస్' కారు ఆసుపత్రి ఆవరణలో కనిపిస్తోంది. బస్సులో పోతూ చూసిన ఒక దూరపు చుట్టం ఇంకో చుట్టానికి చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఎక్స్‌రే గది ముందు తొమ్మిది మంది మనుషులు, మూడు ఫ్లాస్కులు, రెండు బుట్టల నారింజపళ్ళు. అందరికన్నా ముందు అత్తగారు.

"అల్లుడు గారూ, నా దగ్గర దాచకండి. వాడికి గుండా, కిడ్నీయా?"

"ఎవరికండీ?"

"ఎవరికేంటి బాబూ! వాడి కారు మూడ్రోజుల్నుంచీ ఇక్కడే ఉందట. ఫోన్ చేస్తే ఊళ్ళో లేనంటాడు. నేను కంగారు పడతానని అలా చెబుతున్నాడు, ఆ మాత్రం తెలీదా నాకు!"

"ఆ కారు నేను తెచ్చానత్తయ్యగారూ."

"మీరెందుకు తెస్తారు? మీకు కారుంది కదా!"

"ఉందా?" అంది పక్కనున్న పిన్నత్తగారు ఆశ్చర్యంగా.

బావమరిది వీడియో కాల్‌లో ఏదో హోటల్ గదిలో తువ్వాలు కట్టుకుని నిక్షేపంగా కనిపించాక గానీ అత్తగారు కుదుటపడలేదు. చుట్టాలందరూ బుట్టలెత్తుకుని వెళ్ళిపోయారు. ఒక్క నారింజైనా వదిలి వెళ్ళలేదు!

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. తన సొంత కారు పద్నాలుగేళ్ళుగా ఇదే ఆసుపత్రిలో నిలబడుతోంది. ఒక్క చుట్టమైనా దాన్ని చూసి కంగారుపడ్డాడా? అంతెందుకు, మూడేళ్ళ కిందట తనకి అపెండిక్స్ ఆపరేషను జరిగింది ఇక్కడే, మూడో అంతస్తులో. వారం రోజులు పడుకున్నాడు. కింద అందరూ "ఎక్స్‌రే సెలవులో ఉన్నాడు" అనుకున్నారు!

అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు. తుమ్మైనా దగ్గైనా సరే, ఆ ప్లేటు కొనాల్సిందే. ఇంటికెళ్ళి భార్యకి అదే చెప్పాడు. ఆసుపత్రిలో ఉంటే తనని చూడ్డానికి ఒక్క మనిషి రాలేదన్న మాట కూడా కలిపాడు.

"నేనొచ్చాను కదండీ," అంది ఆవిడ. "వారం రోజులూ బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చాను."

"నువ్వు లెక్కలోకి రావు."

లెక్కల టీచరుతో అనగూడని మాట అదొక్కటేనని నోరు దాటాక గానీ ఆయనకి తట్టలేదు. గురువారం బావమరిది వచ్చి కారు తీసుకెళ్ళాడు. లిఫ్టు సంగతి చెబితే, "వాళ్ళకి ఎక్సర్‌సైజు కూడా అవుతుంది బావగారూ," అని నవ్వాడు. ఇంట్లో మాత్రం మాటా పలుకూ లేదు.

శుక్రవారం ఆయన తన పాత కారులో ఆసుపత్రికి బయల్దేరాడు. సాయంత్రం అయిదులోగా డబ్బు కట్టాలి. బ్యాంకు కార్డు జేబులోనే ఉంది.

గేటు దగ్గర అడ్డకర్ర లేవలేదు.

"పాసు సార్."

మూడ్రోజులు సెల్యూట్లు తిన్న మనిషి! ఒళ్ళు మండిపోయింది.

"పదకొండేళ్ళుగా చూస్తున్నావు. ఇంకా పాసేంటయ్యా? నన్ను గుర్తుపట్టలేవా?"

"రూలు సార్. మీ బండి నాకు తెలీకపోవడమేంటి! ముందు బంపరుకి ఎడం పక్క సొట్ట. నంబరు చివర నాలుగు, ఏడు. వానొస్తే ఒక్క వైపరే ఆడుతుంది. అమ్మగారు అద్దంలోంచి చెయ్యిపెట్టి తలుపు తీసుకుంటారు."

ఆయన మనసు కరిగింది. ఎంత శ్రద్ధగా చూశాడు!

"మరి నా పేరు?"

సెక్యూరిటీ ఆయన కర్ర వైపు చూశాడు. గోడ వైపు చూశాడు.

"ఎక్స్‌రే సార్ కదా!"

"పదకొండేళ్ళయ్యా! మెడలో ఇంత కార్డుంది. ఒక్కసారైనా చదవాలనిపించలేదా?"

సెక్యూరిటీ ఆయన కోపం తెచ్చుకోలేదు. అరచెయ్యి ఎత్తి, చొక్కా జేబు మీద గుచ్చి ఉన్న తన పేరుబిళ్ళని కప్పేశాడు.

"మీరు చెప్పండి సార్. నా పేరేంటి?"

ఎక్స్‌రే ఆయన ఆ వేళ్ళ సందుల్లోంచి చదవబోయాడు. పదకొండేళ్ళు, రోజుకి రెండుసార్లు, చెయ్యంత దూరంలో ఆ బిళ్ళ! వెనకాల నాలుగు కార్లు హారన్ కొట్టాయి.

"వెళ్ళండి సార్, లైను పెరుగుతోంది," అని సెక్యూరిటీ ఆయన కర్ర ఎత్తాడు. బిళ్ళ మీది చెయ్యి మాత్రం తీయలేదు.

ఆయన కారు పెట్టి, మెట్లు దిగి, గదికొచ్చాడు. బయట బెంచీ నిండా మనుషులు. రోజూలాగే తలుపులోంచి తల బయటపెట్టి, "మోకాలు ఎవరండీ? మోకాలు లోపలికి రండి, భుజం రెడీగా..." అన్నాడు, మాట మధ్యలో తెగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఆయన పిలిచే పద్ధతి అదే. చీటీ మీద పైన మనిషి పేరుంటుంది, కింద నొప్పి ఉన్న చోటు పేరుంటుంది. ఆయన ఎప్పుడూ కిందదే చదివాడు. ఈసారి కళ్ళు పైకెత్తి, ఆ పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారికి మూల కూర్చున్న ముసలావిడ అటూ ఇటూ చూసింది.

"నన్నేనా బాబూ?"

"మీ పేరు అదేనాండీ?"

"అదే అనుకుంటా. మా ఆయన పోయాక ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ మామ్మనే. మీ పెద్ద డాక్టరు గారికైతే ముప్పై రెండో నంబరుని." ఆవిడ మోకాలు పట్టుకుని లేవబోయి ఆగింది. "ఏదీ, ఇంకోసారి పిలువు."

పిలిచాడు.

ఆ రోజు పని బాగా వెనకబడింది. నోరు తిరగని పేర్లు, మూరెడేసి పేర్లు, ఒకే పేరుతో ముగ్గురు. "ఎక్స్‌రే! ఏంటింత లేటు?" అని పెద్ద డాక్టరు ఫోన్లో కేకలేశాడు. అయిదు ఎప్పుడు దాటిందో ఆయన చూసుకోనేలేదు. ఏడక్షరాలూ రవాణా శాఖ వాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళిపోయాయి. శనివారం కారు మెకానిక్కు దగ్గరికి పోయింది. తలుపు బాగైంది. భార్య లోపల్నుంచి తెరిచి దిగింది. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. అప్పుడు గానీ నోరు విప్పలేదు.

చూశారా, ఎంత పొరపాటు చేశాడో! ఇప్పుడు పాపం ఆయన రోజూ గేటు దగ్గర ఆగి సెక్యూరిటీ ఆయన్ని పేరుతో పలకరించాలి. ఆయనా ఈయన్ని పేరుతో పలకరిస్తున్నాడు. వెనకాల కార్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి.

కాబట్టి మీరు ఆ తప్పు చేయకండి. ప్లేటు కొనుక్కోండి! ఒక్కసారి డబ్బు కడితే జన్మంతా నిశ్చింత. మనుషుల్ని పేరుతో పిలవడమంటే మాటలా? ముందు మొహం చూడాలి, పేరు అడగాలి, విని గుర్తుపెట్టుకోవాలి, రేపు మళ్ళీ పిలవాలి. రవాణా శాఖ ఉండగా మనకెందుకండీ అంత చాకిరీ!