ఊరందరి మేనల్లుడు

ఆ ఆదివారం ఉదయం రమణమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. విశాఖ బండిలో అక్క మంగాయమ్మ, ఆమె కూతురు మాధవీలత దిగుతారు. కొడుకు ప్రవీణ్ వెళ్ళి వాళ్ళను తీసుకొస్తాడు. భోజనాలకు ముందే మేనరికం ఖాయం చేసుకుని తాంబూలాలు పుచ్చుకుంటారు. సాయంత్రం యథాప్రకారం ఛత్తీస్‌గఢ్‌లోని ఆ రైల్వే కాలనీ రామమందిరంలో తన బాలకాండ పారాయణం. పిల్లలిద్దరికీ ఇష్టమే. భయమల్లా అక్కతోనే. ఆమె మాటపట్టింపు మనిషి. ఏ చిన్న తేడా వచ్చినా తిరుగు బండి ఎక్కేస్తుంది. ఈ సంబంధం కుదిరితే ఇంకేమీ అడగనని రమణమూర్తి రాముడికి మాటిచ్చి ఉన్నాడు.

పూజకు పూలు కోయడానికి క్వార్టరు వెనక్కి వెళ్ళినప్పుడు ఆ దృశ్యం కంటబడింది. పక్క క్వార్టరు సాహూగారు కంచె దగ్గర వంగి ప్రవీణ్ కాళ్ళకు మొక్కుతున్నారు.

సాహూగారిది దగ్గర్లోని రతన్‌పూర్. రమణమూర్తి ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్డులోనే ఆఫీసు పని. వయసులో పెద్ద, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కాలనీలో తెలుగువాళ్ళ మధ్య ఇన్నేళ్ళుండి తెలుగు బాగానే పట్టుకున్నారు. పారాయణంలో ముందు వరసలో కూర్చుంటారు. తోడబుట్టిన ఆడపిల్లలు లేరని కిందటి శ్రావణంలో రమణమూర్తి భార్య చిన్నతల్లి చేత రాఖీ కూడా కట్టించుకున్నారు. అంతటి పెద్దమనిషి, నోట్లో బ్రష్షు పెట్టుకుని నిలబడ్డ కుర్రాడి పాదాలు తాకి కళ్ళకద్దుకోవడమేమిటి? కుర్రాడు మాత్రం అదేదో రోజూ ఉండే పనిలా నురగ ఉమ్మేసి లోపలికి వచ్చేశాడు.

రమణమూర్తి ఎరిగిన లోకంలో పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు పట్టుకునే సందర్భం ఒక్కటే ఉంది. పిల్లనిచ్చే తండ్రి అల్లుడి కాళ్ళు కడగడం. సాహూగారికి పెళ్ళీడు కూతురు రశ్మి ఉంది. ఉస్లాపూర్ బడిలో పాఠాలు చెబుతుంది. రైల్వే ఉద్యోగంలో ఈమధ్యనే బదిలీ మీద ఇంటికి చేరిన ప్రవీణ్ ఆమెను ఒకటి రెండుసార్లు స్కూటరు మీద దింపాడు కూడా. రమణమూర్తి చేతిలోని పూలసజ్జ జారింది.

కొడుకును అడుగుదామంటే వాడు అప్పటికే స్టేషనుకు బయల్దేరాడు. భార్యకు చెబుదామంటే ఆమె గారెల పిండి రుబ్బుతోంది. అందుకని, ఎవరికి చెప్పకూడదో సరిగ్గా ఆ మనిషికే, మందిరం కమిటీ త్రినాథరావుకు, ఫోన్ చేసి అంతా చెప్పి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు.

"నానెవరికి చెప్తాను మూర్తీ" అన్నాడు త్రినాథరావు, పక్కనున్న భార్య అచ్చియమ్మకు అంతా వినిపించాక.

అచ్చియమ్మ నిజం తేల్చుకోవడానికి అరటిపళ్ళు పట్టుకుని నేరుగా సాహూగారింటికి వెళ్ళింది.

"అమ్మాయికి సంబంధం కుదిరిందట కదా" అన్నది.

సాహూగారి భార్య ముఖం వెలిగిపోయింది. "హా దీదీ, నిన్ననే. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీకెలా తెలిసింది? అబ్బాయి రైల్వేలోనే."

ఆ కాలనీలో రైల్వే ఉద్యోగం లేని అబ్బాయి ఎవడు గనక! అయినా అచ్చియమ్మకు ఇంకేమీ అడగవలసిన అవసరం కనిపించలేదు. తిరిగి వస్తూ, అప్పుడే ఆటో దిగుతున్న మంగాయమ్మను చూసి, ముందు "అయ్యో పాపం" అని, తర్వాత మిగతాదంతా చెప్పింది.

మంగాయమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. కాళ్ళు కడుక్కోమని చిన్నతల్లి అందించిన చెంబు ముట్టలేదు.

"లోపలికి రా వదినా."

"రాను. తిరుగు బండి ఎప్పుడుందిరా తమ్ముడా?"

"అక్కా, నా మాట విను."

"ఏటి వినీది? రోజూ రామాయణం చదువుతావు. పక్కింటాయన నీ కొడుకు కాళ్ళు పట్టుకుని పిల్లనిస్తంటే పూలు కోస్తన్నావట." చిన్నతల్లి ఏదో చెప్పబోతే చేత్తోనే ఆపేసింది.

ప్రవీణ్ రెండు చేతుల్లో సంచులతో అలాగే నిలబడ్డాడు. "మైనే క్యా కియా అత్తా, నేనేం చేశాను? ఆ సంబంధం సంగతి నాకేం తెలీదు."

"అమ్మా, ముందు ఆ పక్కింటాయన్ని అడగొచ్చు కదా" అన్నది మాధవీలత. అడగడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

అడగకుండానే సాహూగారు మిఠాయి డబ్బాతో వచ్చారు. డబ్బా గుమ్మం పక్కన పెట్టి, అందరి ఎదుటా వంగి ప్రవీణ్ కాళ్ళకు మొక్కారు.

"చూసినావా" అన్నది మంగాయమ్మ.

రమణమూర్తి ముందుకొచ్చాడు. "ఏటిది సాహూజీ? కూతుర్ని ఇచ్చేటప్పుడు కుర్రాడి తండ్రిని ఒక్క మాట అడగొద్దా?"

"ఎవరి కూతురు? మా రశ్మిని చాంపా ఊరి అబ్బాయికి ఇస్తున్నాం. ఆ మిఠాయే ఇది."

"మరి కాళ్ళకి మొక్కడం?"

"భాంచా కాళ్ళకు మొక్కకపోతే పాపం మూర్తీజీ. చిన్నతల్లి బహన్ నాకు రాఖీ కట్టింది. ఆమె కొడుకు నాకు మేనల్లుడు కాదా?"

"మేనల్లుడు మేనమామకి మొక్కుతాడు గాని..."

"అది మీ దగ్గర. కౌసల్యా మాత మా ఛత్తీస్‌గఢ్ ఆడపడుచు. మరి రాముడు మాకేమవుతాడు? భాంచా. దేవుడే మేనల్లుడైన చోట ప్రతి మేనల్లుడూ రాముడే. మొన్న మీరు రాముడి పుట్టుక చదువుతుంటే నేనెందుకు ఏడ్చాననుకున్నారు? మా ఇంటి ఆడపిల్ల పురుడు కదా."

ఆ కన్నీళ్ళు తన కంఠానికి వచ్చాయనుకుని రమణమూర్తి మొన్నటినుంచి సంతోషంగా ఉన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన 'తండ్రీ రామయ్యా' అనే పిలిచాడు. ఆ తండ్రికీ ఒక అమ్మమ్మగారిల్లు ఉంటుందని, అది తన క్వార్టరు చుట్టుపక్కలే కావచ్చని ఎన్నడూ తోచలేదు.

"అన్నయ్యగారు రోజూ మొక్కుతారు" అన్నది చిన్నతల్లి. "మీకు పొద్దున్న డ్యూటీ, చూడరు. నన్నడిగితే చెప్పీదాన్ని కదా."

మంగాయమ్మ చెంబు అందుకుని కాళ్ళు కడుక్కుంది. సాహూగారు లడ్డూలు పంచుతూ మాధవీలత ఎవరని అడిగారు.

"మా అక్క కూతురు. ప్రవీణ్‌కి చేసుకుంటన్నాం" అన్నాడు రమణమూర్తి తేలికపడ్డ మనసుతో.

సాహూగారి చేతిలో లడ్డూ ఆగిపోయింది. "మేనత్త కూతురా? అంటే మా దగ్గర భాంచాకు బహన్, చెల్లెలే కదా. రామ్ రామ్."

"అర్జునుడికి సుభద్ర ఏటవుతాదండీ?" అన్నది మంగాయమ్మ.

సాహూగారు కళ్ళు మూసుకుని లెక్క వేసుకున్నారు. కుంతి అన్నగారు వసుదేవుడు. వసుదేవుడి కూతురు సుభద్ర. "అచ్ఛా" అన్నారు. "చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఈ సంగతి తట్టనే లేదు."

"మీరు పెళ్ళి వరకే విన్నారు. మాకు వరస కూడా వినపడింది. బావా మరదళ్ళు" అన్నది మంగాయమ్మ.

సాహూగారు లడ్డూ నోట్లో వేసుకున్నారు. తర్వాత నెమ్మదిగా రమణమూర్తి వైపు తిరిగారు. "అయితే మూర్తీజీ, ఈ అమ్మాయి మీకు మేనకోడలు. నిలబడ్డది కౌసల్య పుట్టినింట. మాకు మేనకోడలైనా ఒకటే, కాళ్ళకు మొక్కుతాం. కానివ్వండి."

రమణమూర్తి భార్య వైపు చూశాడు. ఆమె గారెలు మాడుతున్నాయన్నట్టు వంటింటి వైపు చూసింది.

"వద్దు మావయ్యా" అంటూ మాధవీలత వెనక్కి జరిగింది.

"ఊరుకోవే, మొక్కనీ" అన్నది మంగాయమ్మ కుర్చీలో హాయిగా వెనక్కి వాలి. "పుట్టింటోళ్ళు ఇంత మర్యాద ఎప్పుడు చేసినారు?"

ఆడపిల్లలో సీతమ్మను చూడాలని నిన్న మందిరంలో చెప్పింది తానే. రమణమూర్తి వంగాడు. నడుములో ఏదో కలుక్కుమన్న చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

తాంబూలాలు అనుకున్న వేళకే మారాయి. ఆ సాయంత్రం రమణమూర్తి పారాయణం మొత్తం నిలబడే చదివాడు. జనం దాన్ని భక్తి అనుకున్నారు.