నిమ్మకాయలు కట్టిన బోటు

సూర్యప్రకాశం గారు మోటారు బోటు కొన్న సంగతి కోటిపల్లి రేవులో టీ కొట్టు దాకా పాకిన వారం రోజులకి ఆయన భార్య సీతారామలక్ష్మికి తెలిసింది. అదైనా ఆయన చెప్పలేదు. పాలు పోస్తూ పాలవాడు, "బోటెక్కడ కడతారండీ" అని అడిగాడు.

ఆవిడ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. కాఫీ ఇచ్చి వెళ్ళిపోతే మామూలు రోజు. ఇచ్చి కూర్చుందంటే విచారణ మొదలైనట్టు.

"బోటంటగా?"

"నీ పేరునే కొన్నానే."

"ఏం, మీకు పేరు లేదా?"

"సిద్ధాంతిగారు నా జాతకానికి నీటి వాహనం పడదన్నారు."

"వాహనం పడదు సరే. మనిషి పడతాడో లేదో అడిగారా?"

ఆయన అడగలేదు.

ఈ బోటు వెనక ఒక కారుంది. ఆ కారు తోడల్లుడు ఉదయ్‌భాస్కర్‌ది. పోయినేడు అత్తవారింట్లో ఏదో శుభకార్యానికి అతను గదంత కారులో దిగాడు. మామగారు వీధి గుమ్మం దాకా ఎదురొచ్చారు. బస్సు దిగి నడిచొచ్చిన పెద్దల్లుడికి మాత్రం ఎవరో చెంబుతో నీళ్ళు చూపించారు. ఆ చెంబు ఆయన ఏడాదిగా మరిచిపోలేదు.

అత్తవారిల్లు గోదావరి గౌతమీ పాయకి అవతలి ఒడ్డున, ముక్తేశ్వరం పక్కన. పెరటి గోడ దాటితే వాళ్ళ సొంత రేవు. కారు ఎంత పెద్దదైనా గోదావరి దాటాలంటే బళ్ళని దాటించే పంటు కోసం వరసలో నిలబడాలి. బోటుకి ఆ బాధ లేదు. ఈ కార్తీకంలో బావమరిది గృహప్రవేశానికి తిన్నగా పెరటి రేవులోనే దిగాలని ఆయన పథకం.

"ఇంతకీ నడపడం వచ్చా మీకు?" అంది సీతారామలక్ష్మి.

"కాకినాడ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు సేఫ్టీ ఆఫీసరుగా చేశాను. గోడల మీద హెచ్చరికలన్నీ నేను రాయించినవే."

"ఆ గోడలు నీళ్ళ మీద తేల్లేదుగా."

చివరికి ఒప్పందం కుదిరింది. షరతు ఆవిడ పెట్టింది. "ఎవరి బట్టలూ తడవకుండా, ఎవరి వేళ్ళూ నలగకుండా మా పుట్టింటి రేవులో ఒక్కసారి ఆపి చూపించండి. ఆ తరవాత బోటు మీ ఇష్టం. లేదంటే ఇక బోటు సంగతిలో నేను చెప్పినట్టు వినాలి."

అంటే అమ్మేయడమేనని ఆయనకి అర్థమైంది. ఆ రాత్రి ఆయనకి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పాఠాలు చెప్పడానికి బుల్లియ్య దొరికాడు. నలభై ఏళ్ళు పంటు నడిపే సరంగుగా చేసినవాడు. నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడతాడు, మనిషి వైపు చూడడు.

"బోటుకి బ్రేకుండదండి బాబుగారూ. ఎదురు నీటికి ముక్కెట్టి, నడిచెళ్ళినట్టు నెమ్మదిగా రావాలండి. ఏటివాలున వచ్చారంటే గోదారి మిమ్మల్ని నెట్టుకుపోద్దండి."

"రాసుకున్నాను," అన్నారు ఆయన. నిజంగానే పుస్తకంలో రాసుకున్నారు.

"ఈ ఎర్రతాడు కొస చేతికి కట్టుకోవాలండి. మీరు నీళ్ళలో పడితే తాడు ఊడొచ్చి ఇంజను ఆగిపోద్దండి."

కొత్త బోటు ముందు నిలబడి పడడం గురించి మాట్లాడతాడేమిటని ఆయనకి చిరాకేసింది. ఇది మాత్రం రాసుకోలేదు. ఇంజను మీటల దగ్గర ఉంగరాలు ఉంగరాలుగా వేలాడుతున్న ఆ ఎర్రతాడుని చూస్తే ఆయనకి మరో ఉపయోగం తట్టింది. మర్నాడు దాని కొసకి రెండు నిమ్మకాయలూ ఏడు మిరపకాయలూ గుచ్చి కట్టారు. బోటుకి దిష్టి తీరిపోయింది.

రోజూ ఆ పాఠాలప్పుడు సీతారామలక్ష్మి ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి రేవు మెట్ల మీద కూర్చునేది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అప్పుడప్పుడూ బుల్లియ్యని ఒక ప్రశ్న అడిగేది. ఆడవాళ్ళకి కాలక్షేపం కావాలిగదా అని ఆయన పట్టించుకోలేదు.

గృహప్రవేశం రోజు వచ్చింది. ఆయన పట్టుపంచె కట్టి, చలవ కళ్ళద్దాలు పెట్టారు. లైఫ్ జాకెట్లు ఆరు, షాపులో ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లతో సహా సీటు కింద ఉన్నాయి. కొత్త వస్తువు కవరు అప్పుడే తీయడం ఆయనకి మనసొప్పదు. వాళ్ళింట్లో సోఫా కొన్న నాలుగేళ్ళ దాకా కవరు మీదే కూర్చున్నారు.

సీతారామలక్ష్మి మాత్రం ఒక కవరు పర్రున చింపి, పట్టుచీర మీద జాకెట్టు తొడుక్కుని బెల్టు బిగించింది.

"చీర కనబడదే," అన్నారు ఆయన.

"మనిషి కనబడితే చాల్లెండి."

రేవుకి తగిలినప్పుడు బోటు గీసుకుపోకుండా బుల్లియ్య కుడివైపు పాత టైర్లు కట్టాడు. అవి రంగుల్లో రాయించిన భార్య పేరుకి అడ్డం వస్తున్నాయని సూర్యప్రకాశం గారు వాటిని ఎడమవైపుకి మార్పించారు. రేవు వచ్చేది కుడివైపు.

ఇంకొకటి కూడా ఉంది. కొత్త వాహనం మొదటి ప్రయాణంలో తూర్పు ముఖంగా ఆగాలని సిద్ధాంతిగారి మాట. ఆ వంపులో గోదావరి తూర్పుకే పారుతుంది. అంటే తూర్పు ముఖంగా ఆగాలంటే ఏటివాలునే రావాలి. బుల్లియ్య ఒకటి చెప్పాడు, శాస్త్రం ఒకటి చెప్పింది. ముప్పై ఏళ్ళు సేఫ్టీలో చేసినా ఆయన ఓటు శాస్త్రానికే పడింది.

నది దాటడం చక్కగా జరిగింది. గోదావరి మధ్యలో ఎవరైనా మొనగాళ్ళే.

అత్తవారి రేవు కనబడింది. మెట్ల మీద మామగారు, బావమరిది, బంధువులు. మొదటి పంటుకే వచ్చేసిన ఉదయ్‌భాస్కర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య సారిక సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది. సూర్యప్రకాశం గారు వీపు నిటారుగా పెట్టి బోటుని తూర్పుకి తిప్పారు. వెనక నుంచి గోదావరి ఒక్క తోపు తోసింది.

"కొంచెం జోరుగా వెళ్తున్నామండీ," అంది ఆవిడ.

"నాకు తెలుసు," అంటూ ఆయన కాలితో బ్రేకు వెతికారు. కాలికి పుట్టింటికి పట్టుకెళ్తున్న బూరెల బుట్ట తగిలింది. దాన్నే గట్టిగా తొక్కారు. బూరెలు నలిగాయి గాని బోటు ఆగలేదు.

"సీతా, రేవు దగ్గరికొచ్చింది. కాలు అడ్డం పెట్టి ఆపు."

"ఉన్నవి రెండే కాళ్ళండి. పెట్టను."

మీట వెనక్కి లాగి ఇంజనుని న్యూట్రల్‌లో పెట్టాననే ఆయన అనుకున్నారు. అది సగంలోనే ఆగిందని చూసుకోలేదు. పేరు రాసిన వైపు మెట్టుకి కర్రున రాసుకుంది. 'సీతారామలక్ష్మి'లో సీత మెట్టుకే అంటుకుపోయింది. బోటు కట్టే తాడు పట్టుకుందామంటే అది చుట్టలు చుట్టుకుని సీటు కింద, జాకెట్ల అడుగున ఉంది. ఇక లాభం లేదని ఆయన స్టీరింగు వదిలేసి మెట్టు మీదికి కాలేశారు.

ఒక కాలే వేశారు. రెండోది బోటులో ఉంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దలన్నారు గాని, ఒక పడవ మీదా ఒక మెట్టు మీదా పెట్టినవాడి గతేమిటో వాళ్ళు చెప్పలేదు. మెట్టు కదల్లేదు. బోటు కదిలింది. ఆయన క్షణకాలం గోదావరికి వంతెనలా నిలబడ్డారు. ముందు పట్టుపంచె చిరిగింది. తరవాత ఆయన పడ్డారు.

మునిగానని కేకేశారు. "నిలబడు బావా," అన్నాడు బావమరిది. నిలబడితే నీళ్ళు నడుం దాకా ఉన్నాయి.

కానీ ఇంజను ఆగలేదు. స్టీరింగు దగ్గర ఎవరూ లేని బోటు, సీతారామలక్ష్మితో, వలలు కట్టిన గుంజల వైపు పోతోంది. అది చూసేసరికి ఆయనకి తోడల్లుడు గుర్తులేడు, మర్యాద గుర్తులేదు, బోటూ గుర్తులేదు. ఎర్రతాడు చేతికి ఎందుకు కట్టుకోవాలో అప్పుడు అర్థమైంది. "సీతా," అని పిలిచారు.

సీతారామలక్ష్మి లేచి పరుగెత్తలేదు. కూర్చున్నచోటి నుంచే ముందుకి వంగి దిష్టి నిమ్మకాయలు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తాడు ఊడొచ్చింది. ఇంజను ఆగింది. గోదావరి చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఆవిడ స్టీరింగు ముందుకి జరిగి నిమ్మకాయలు విప్పి పక్కన పెట్టింది. తాడు ఒక కొస మళ్ళీ తగిలించి, రెండో కొస గాజుల వెనక్కి చుట్టుకుని ఇంజను వేసింది. గుంజలకి బారెడు దూరంలో బోటుని ఎదురు నీటికి తిప్పింది. ముక్కు పడమరకి పెట్టి, నడిచొచ్చినట్టు వచ్చి, రేవు పక్కన ఆపి, సీటు కింద నుంచి కట్టే తాడు పైకి లాగింది. ఎడమవైపున్న టైర్లు ఇప్పుడు మెట్లవైపే ఉన్నాయి.

"మరిదిగారూ, తాడందుకోండి," అంది. ఉదయ్‌భాస్కర్ అందుకున్నాడు.

మామగారు నీళ్ళలోకి రెండు మెట్లు దిగి మరీ ఎదురెళ్ళారు. కూతురికి.

భోజనాల దగ్గర సూర్యప్రకాశం గారు బావమరిది లుంగీ కట్టుకుని చివరి విస్తరి ముందు కూర్చున్నారు. నలిగిన బూరెలు ఎవరూ వంక పెట్టకుండా తిన్నారు. వడ్డిస్తూ వచ్చిన భార్యని ఆయన మెల్లగా అడిగారు.

"నీకెప్పుడొచ్చింది?"

"మీరు మధ్యాహ్నం పడుకునేవారుగా. రెండు వారాలు బుల్లియ్య నేర్పాడు. ఈ రేవులో పుట్టినదాన్ని, నీటివాలు ఒకళ్ళు చెప్పాలా?"

"మరి అమ్మేస్తావా?"

"అమ్ముతానని ఎప్పుడన్నాను? చెప్పినట్టు వినమన్నాను. అయినా నా పేరున ఉన్నది నేనెందుకు అమ్ముకుంటానండీ," అని రెండో బూరె వేసింది.

సాయంత్రం పంటు దగ్గర కార్లు అరమైలు నిలిచాయని కబురొచ్చింది. ఉదయ్‌భాస్కర్ రేవులోకొచ్చి తల గోక్కున్నాడు. "కారు రేపు తీసుకెళ్తానొదినా. మమ్మల్ని కూడా అవతల దింపుతారా?"

సీతారామలక్ష్మి అప్పటికే ఎర్రతాడు చేతికి చుట్టుకుని స్టీరింగు దగ్గర కూర్చుంది.

"దానికేం, రండి. కాకపోతే జాకెట్టు లేనివాళ్ళని మా ఆయన బోటెక్కనివ్వరు. ముప్పై ఏళ్ళు అదే ఉద్యోగం."

అందరూ ఆయన వైపు చూశారు. సూర్యప్రకాశం గారు లుంగీ పైకి మడిచారు. ముందు తన జాకెట్టు తొడుక్కుని, ఆ తరవాత తోడల్లుడి కోసం ఇంకో కవరు చింపారు.