గురువారం ఓదెలు

బెల్లంపల్లిలో ఎవరైనా తాగుడు మానేస్తే, మానేసినవాడి లోపల్నుంచి తాగేవాడు విడిగా బయటికి వచ్చి, చొక్కా సర్దుకుని, వేరే గది అద్దెకు తీసుకుంటాడు. మానేసినాయన్ని కొత్తాయన అంటారు, బయటికొచ్చినాయన్ని పాతాయన అంటారు. ఇద్దరిదీ ఒకటే మొహం, ఒకటే గొంతు, ఒకటే మోకాలి నొప్పి. రేషన్ కార్డు, భార్య, పిల్లలు కొత్తాయనకు చెందుతారని, గనిలో పట్టుకున్న దగ్గు మాత్రం ఇద్దరికీ చెరిసగమని ప్రభుత్వం ఎప్పుడో తేల్చేసింది. ఎన్నికలప్పుడు పార్టీల వాళ్ళు కొత్తాయన్ని పలకరించను కూడా పలకరించరు, పాతాయన గది ఎక్కడని వాకబు చేస్తారు.

మానేసినవాళ్ళు మళ్ళీ తాగకుండా ఉండడానికి వారానికోసారి మీటింగులు జరుగుతాయి. తాగి మానేసిన అనుభవం ఉన్న వాలంటీర్లే వాటిని నడుపుతారు. ఆ వాలంటీర్లు అలసిపోకుండా, దారి తప్పకుండా కనిపెట్టుకుని ఉండటం దమయంతి ఉద్యోగం. శాఖ పేరు నోరు తిరగనంత పొడవు కాబట్టి ఊళ్ళో ఆమెను మీటింగు మేడం అంటారు. ఓదెలు అనే రిటైరైన గని కార్మికుడు నడిపే గురువారం మీటింగులో కూర్చుని కూర్చునే ఆమె మొగుడు రాజలింగు తాగుడు మానేశాడు. పాత రాజలింగు సంచి పట్టుకుని గుమ్మం దిగిన రోజున దమయంతి తలుపు గడియ వేసి రెండుసార్లు సరిచూసుకుంది. అప్పటినుంచి ఓదెలంటే ఆమెకు చచ్చేంత గౌరవం.

అలాంటిది ఒక సోమవారం ఆఫీసుకు ఫోనొచ్చింది. గురువారం మీటింగు నడుపుతున్నది కొత్త ఓదెలు కాదు, పాత ఓదెలని చెప్పి, పేరడిగేలోగా పెట్టేశారు. తాగే ఓదెలు ముందు కూర్చుని వారం వారం ఇంటికి తిరిగొస్తున్నది ఏ రాజలింగు? ఆ గురువారమే తనిఖీ అని దమయంతి రాసి పెట్టుకుంది.

ఇద్దర్నీ గుర్తుపట్టే పద్ధతి శాఖ దగ్గర ఉంది. "నువ్వు పాతాయనవా?" అని సూటిగా అడగాలి. కాదంటే కాదని రాసుకోవాలి. వాసన చూడటం మనిషిని అవమానించడమే అవుతుందని దాన్ని నిషేధించారు. ఆ పని ఇళ్ళల్లో ఆడవాళ్ళకు వదిలేశారు.

గురువారం దమయంతి తనిఖీకి వెళ్ళింది. తనిఖీ రోజున అధికారి బంధువులు రాకూడదు గనక రాజలింగు ఇంట్లోనే ఉండిపోయాడు. మూతపడ్డ సినిమా హాలు క్యాంటీన్‌లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి.

"నేను ఓదెలును. తాగుబోతును," అని ఓదెలు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. మీటింగుల్లో అందరూ చెప్పే మాటే అది. ఓదెలు ఇద్దరూ నిజాయితీగా చెప్పగలిగేదే కాబట్టి దమయంతికి అది అక్కరకు రాలేదు. ఆమె అతని కళ్ళు చూసింది, చేతులు చూసింది, ముట్టుకోని చాయ్ గ్లాసు కూడా చూసింది.

సమ్మయ్య అనే ఆటో డ్రైవరు లేచాడు. "నిన్న పొద్దుమీకి మందు దుకాణం ముంగట ఆటో ఆగిందన్నా. నేను ఆపలే. అదే ఆగింది."

ఇదివరకటి ఓదెలయితే ఇక్కడ హితబోధ అందుకునేవాడు, జనం ఆవలించేవాళ్ళు. ఇప్పుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆగినంక ఏ చెయ్యి వణికింది?"

"ఎడమది."

"నాకు గూడ ఎడమదే వణుకుతది."

సమ్మయ్య నిలబడే ఏడ్చాడు. పక్కనున్నాయన అతని వీపు నిమిరాడు. దమయంతికి అనుమానం బలపడింది. తను చూసిన వాలంటీర్లలో ఇంత బాగా వినేవాడు లేడు, ఇంత బాగా వింటున్నాడంటే ఏదో దాస్తూనే ఉండాలి.

మీటింగు అయ్యాక వాలంటీరును కూర్చోబెట్టి ఎట్లున్నవని అడగడం కూడా ఆమె విధుల్లో ఒకటి. అందరూ వెళ్ళిపోయాక ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఓదెలన్నా, నువ్వు పాతాయనవా?"

"ఔ మేడం."

కాదంటే ఏం రాయాలో శాఖ చెప్పింది గానీ ఔనంటే ఏం చేయాలో చెప్పలేదు.

"కొత్తాయనేడి?"

"ఇంట్ల గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మూడు నెలలాయె. అందరి గోస ఇని ఇని పానం ఇసిగింది. ఆయన గోస ఇనెటోళ్ళు లేకపాయె."

"నేను వారం వారం అడిగిన గదనే, ఎట్లున్నవని."

"అడిగినవ్ మేడం. స్కూటీ తాళంచెవి చేతుల పట్టుకొని అడిగినవ్. మంచిగున్న అన్నడు. పోయినవ్."

దమయంతికి సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపమొచ్చింది. "మరి నీకేం పని ఈడ? నువ్వు తాగెటోనివి."

"ఎవరో ఒకరు తలుపు తియ్యాలె గద. తియ్యకపోతే ఈళ్ళంత ఏడికి పోతరు? పక్కపొంటే దుకాణమున్నది." ఓదెలు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. "గురువారం మాత్రం నేను తాగ. తక్కిన దినాలు నన్ను అడగకు."

బయటికొచ్చి ఆమె పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన మొత్తం విన్నాడు.

"మీటింగు జరుగుతోందా?"

"జరుగుతోంది సార్."

"జనం?"

"పెరిగారు సార్."

"మరి ఇంకేమమ్మా? ఆ కొత్తాయన్ని కదిలించకండి. మళ్ళీ తాగి మళ్ళీ మానేశాడంటే ఇంకొకాయన బయటికొస్తాడు. ఊళ్ళో ఇప్పటికే అద్దెకు గదులు దొరకట్లేదు." తన పైనున్న అధికారి కొత్తాయనా పాతాయనా అని తాను కూడా ఎప్పుడూ అడగలేదని, అందుకే శాఖ నడుస్తోందని చెప్పి పెట్టేశాడు.

గోడవైపు తిరిగి పడుకున్న ఓదెలు దగ్గరికి వెళ్ళి, తాళంచెవి సంచిలో వేసి, కాసేపు కూర్చోవాలని దమయంతి అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ ముందు ఇల్లు చూసుకోవాలనిపించి స్కూటీ అటు తిప్పింది. ఓదెలు దగ్గరికి వచ్చే వారం వెళ్ళొచ్చు.

రాజలింగు తలుపు తీసి, ప్రతి గురువారంలాగే రెండు చేతులూ కాస్త పైకెత్తి నిలబడ్డాడు. గనిలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని తడిమి చూసేవాడి ముందు ఏళ్ళ తరబడి అలా నిలబడ్డ మనిషి. దమయంతి అతని భుజం మీది తువ్వాలు తీస్తున్నట్టుగా దగ్గరికి వంగింది. సబ్బు వాసన, ఉల్లిగడ్డ వాసన. వేరే ఏదీ లేదు. అయినా కళ్ళలోకి చూసింది.

"ఏంది గట్ల చూస్తున్నవ్? ఇయ్యాల గురువారమే గద," అన్నాడు రాజలింగు.

చెప్పులు విడుస్తున్న దమయంతి అలాగే ఆగిపోయింది. గురువారం తాగనివాళ్ళు రెండు రకాలని ఆమెకు ఇప్పుడు తెలుసు. శాఖ పద్ధతి ప్రకారం ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. ఔనంటే ఏం చేయాలో ఆమెకూ తెలియదు కాబట్టి అడగలేదు.

కంచం కడిగి అన్నం పెట్టింది. శుక్రవారం సంగతి శుక్రవారం చూసుకోవచ్చు, ఆ వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ అలాగే చూసుకుంటున్నారు. తర్వాత వెళ్ళి తలుపు గడియ వేసి, అలవాటు కొద్దీ రెండుసార్లు సరిచూసుకుంది. లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో తెలియకపోయినా గడియ గట్టిగానే పడింది.