మబ్బు పడవలో నా చెప్పులు

మా ఇంటి హాల్లో ఒక ఫొటో ఉంది. మీరంతా చూసే ఉంటారు, చూసి నవ్వుకునే ఉంటారు. మొన్న భవానీప్రసాద్ దాని దగ్గరికెళ్ళి మరీ చూసి, "శాంతికుమార్, ఈ ఫొటోలో కాస్త ఒళ్ళు చేశావురా" అన్నాడు. వాడు అర్జెంటుగా కళ్ళజోడు మార్చాలి. అయినా ఇవాళ టీ వాడే ఇప్పించాడు కాబట్టి అసలు సంగతి చెబుతా, వినండి.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. నందిగామ హైస్కూల్లో పీఈటీ మాస్టార్ని. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, నేను వేపచెట్టు కింద నిలబడి విజిల్ ఊదుతా. ఇన్నేళ్ళు అదే పని చెయ్యడంతో నాకొక విద్య అబ్బింది. ఎక్కడికెళ్ళినా నీడ ఎటుందో ముందు నా కాళ్ళకి తెలుస్తుంది, కళ్ళు తర్వాత చూస్తాయి. స్కూల్లో నన్ను 'నీడ మాస్టారు' అంటారు. నా ముందు అనరు లెండి.

మా ఆవిడ జాయిస్‌కి ఈ విద్య అంటే ఒళ్ళు మంట.

"మా బాబాయి కూతురి పెళ్ళిలో చర్చి ముందు అందరం ఫొటో దిగుతుంటే మీరెక్కడున్నారు?"

"షామియానా కింద."

"సాగర్ వెళ్ళినప్పుడు డ్యామ్ ముందు?"

"బస్సు నీడన."

"మనిద్దరం ఆకాశం కింద కలిసి దిగిన ఫొటో ఒక్కటంటే ఒక్కటుందా?"

"స్టూడియోలో దిగాంగా. వెనకాల పరదా మీద ఆకాశమేగా?"

ఆ జవాబుకి రెండు పూటలు చారన్నమే తిన్నా.

జాయిస్‌కి ఆకాశం పిచ్చి ఈనాటిది కాదు. పుట్టింది చెవిటికల్లులో. వాళ్ళమ్మ మిరప కోతకి వెళ్తే, ఈవిడ చేను గట్టు మీద పడుకుని కృష్ణ మీదుగా పోయే మబ్బుల్ని చూస్తుండేదట. ఏ మబ్బు ఎక్కితే ఏ ఊరు పోవచ్చో ఆలోచించేదట. ఇప్పటికీ మేడ మీద బట్టలు ఆరేస్తూ మబ్బు కనిపిస్తే చెయ్యి తీగ మీదే ఆగిపోతుంది. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. తడి చీర నీళ్ళు కారుతూనే ఉంటుంది, ఆవిడ మాత్రం ఇక్కడ ఉండదు. నేను మెట్ల గది నీడలోంచి చూస్తుంటా. పిలవబుద్ధి కాదు నాకు.

ఈ వేసవిలో చిల్లకల్లు దాటాక హైవే పక్కనున్న పార్కులో 'మేఘాలపురం' అని కొత్త ఏరియా తెరిచారు. అందులో మబ్బు పడవ అని ఒకటుంది. దూదిలా తెల్లటి పడవ, ఇద్దరే కూర్చోవాలి. తీగకి వేలాడుతూ నీళ్ళ పొగలోంచి మెల్లగా పైకి పోతుంది. పైన ఒకచోట ఫొటో దానంతటదే పడుతుంది. ఆకాశం తేటగా ఉంటే దూరంగా కృష్ణ కనిపిస్తుందట.

"పెళ్ళిరోజుకి అక్కడికెళ్దాం" అంది జాయిస్.

"మే నెలలోనా? మాడిపోతాం."

"మే నెలలో పెళ్ళి చేసుకున్నప్పుడు లేని ఎండ ఇప్పుడొచ్చిందా?"

"అప్పుడు పందిరుంది."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక్క ఫొటో కావాలండీ. మీరూ నేనూ, పైన ఆకాశం. ఇంకేం అడగను."

గొంతు పెంచితే నేను ఎదురు చెప్పగలను. తగ్గిస్తే నా వల్ల కాదు. సరే అని మాటిచ్చేశా.

మాతో మా అత్తగారు ఆదెమ్మ కూడా బయల్దేరింది. ఆవిడకీ ఒక విద్య ఉంది. చర్చి గుమ్మం ముందు చెప్పులు చూసి లోపల ఎవరెవరున్నారో చెప్పేస్తుంది. ఎవరు అలిగి రాలేదో కూడా చెబుతుంది.

పొద్దున్నే జగ్గయ్యపేట బస్సులో ఎండ పడని పక్క సీట్లు చూసి కూర్చోబెట్టా. పార్కులో దిగేవరకు అంతా హాయిగానే ఉంది. గేటు దగ్గర జాయిస్ టికెట్లు తీసుకొచ్చి పర్సులో దాచుకుంది. లోపలికెళ్ళి మేఘాలపురం చూడగానే నా కాళ్ళు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక వాటికి అలా కావడం అదే మొదటిసారి.

గోడల నిండా మబ్బులే, నేల మీద కూడా మబ్బులే పెయింటు వేశారు. నెత్తిమీద మాత్రం ఒక్కటి లేదు. మొక్కలు నాటారు కానీ, ఒక్కోదాని నీడలో ఒక చీమ పడుకుంటే రెండో చీమ ఎండలో ఉండాల్సిందే. ఇనప కడ్డీల మధ్య క్యూ మెలికలు తిరిగి ఉంది. జనం తలల మీద తువ్వాళ్ళు, చున్నీలు, పార్కు వాళ్ళిచ్చిన రంగు కాగితాలు.

పడవ దగ్గర రోజారమణి అనే అమ్మాయి జనాన్ని ఎక్కిస్తోంది. "ఏమ్మా, ఇక్కడ నీడ లేదా?" అనడిగా.

"కొత్త ఏరియా కదండీ. నీడ ఇంకా రాలేదు."

"ఎక్కడి నుంచి రావాలి?"

"హైదరాబాద్ నుంచండి. రేకులు ఆర్డరిచ్చారు."

అప్పుడు నా కాళ్ళకి దొరికింది. క్యూకి కొంచెం దూరంలో ఒక పెద్ద బోర్డు. 'మీ సౌకర్యమే మా సంతోషం' అని నిలువెత్తు అక్షరాలు. మేఘాలపురం మొత్తానికి నీడంటూ ఉంటే ఆ బోర్డు వెనకాలే ఉంది.

నా బుర్ర చకచకా పనిచేసింది. చెప్పులు విప్పి క్యూలో జాయిస్ ముందు జంటగా పెట్టా. నావేనని గుర్తుండాలని వాటి మీద నా టోపీ పెట్టా.

"ఇదేంటి?" అంది జాయిస్.

"ఎరువుల కోసం సొసైటీ ముందు రైతులు పెట్టట్లా? రేషన్ షాపు ముందు సంచులు పెట్టట్లా? చెప్పులుంటే మనిషున్నట్టే. నీవి కూడా పెట్టు, నీడలో కూర్చుందాం."

"నా చెప్పులు నా కాళ్ళకే ఉంటాయి. గొడుగు తెచ్చుకున్నా, నేను నిలబడతా."

"అయితే భోజనం సంచి కూడా నీ దగ్గరే ఉంచు. అక్కడ చీమలుంటాయి."

జాయిస్ నాకేసి అదోలా చూసింది. ఆ చూపుకి అర్థం వెతికి ఉంటే బాగుపడేవాణ్ణి. నీడ పిలుస్తోంది, వెళ్ళిపోయా. మా అత్తగారు నా వెనకాలే వచ్చింది.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. క్యూలో ఉన్న రెడ్డిగూడెం పెద్దమనిషి జగన్నాథరావుగారు ఇదంతా గమనించారు. కిర్రు చెప్పులు విప్పి ముందు పెట్టి, పంచె ఎత్తిపట్టుకుని గెంతుకుంటూ బోర్డు వెనక్కి వచ్చేశారు. "మంచి ఉపాయం మాస్టారూ!" అన్నారు. నేను మొహమాటంగా నవ్వా. ఆయన్ని చూసి వాళ్ళావిడ, ఆవిణ్ణి చూసి వెనకాల కుటుంబం, వాళ్ళని చూసి ముందున్న వాళ్ళు. కాసేపట్లో క్యూ అంతా చెప్పులే. హవాయి, తోలు, ఎత్తు మడమలు. బూట్లు విప్పడం బద్ధకమైన ఒకాయన హెల్మెట్ పెట్టొచ్చాడు. మనుషులంతా బోర్డు వెనక. మనుషుల్లో క్యూలో మిగిలింది గొడుగు పట్టుకున్న జాయిస్ ఒక్కతే.

అంతమంది నన్ను మెచ్చుకుంటుంటే ఒళ్ళు తేలిపోయింది. మా అత్తగారు తన సీసాలోంచి మజ్జిగ పోసిచ్చింది. తాగి వెనక్కి వాలా. చల్లగా గాలి తగిలింది. కళ్ళు మూతపడ్డాయి.

కలొచ్చింది. మబ్బు పడవలో మేమిద్దరమే. కింద క్యూ లేదు, పార్కు లేదు, హైవే మీద ఒక్క లారీ లేదు. అంతా తెల్లగా, మెత్తగా ఉంది. సూర్యుడే ఎండకి తట్టుకోలేక గొడుగు వేసుకుని పోతున్నాడు. కృష్ణ మాతోపాటు పైకి లేచి పడవ పక్కనే పారుతోంది. జాయిస్ అందులో చెయ్యి పెట్టి ఆడిస్తోంది. పెళ్ళయిన కొత్తలో లాగా రెండు జడలు. ఇంతలో ఆవిడ పడవ కొస మీద నిలబడి "ఏవండీ, రండి" అంది. "వస్తున్నా" అన్నా. లేవబుద్ధి కాలేదు. మళ్ళీ పిలిచింది. "వస్తున్నానే" అన్నా. అంత హాయిగా ఉన్నప్పుడు ఎవడు లేస్తాడు చెప్పండి?

అంతలో కాళ్ళు చుర్రుమన్నాయి. కెవ్వున లేచా.

ఎండ నడినెత్తికొచ్చింది. బోర్డు వెనక నీడ తగ్గి తగ్గి జానెడు మిగిలింది. నా కాళ్ళు ఎండలో ఉన్నాయి. మా అత్తగారు తలమీద తడి తువ్వాలు వేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని బోర్డుకి అంటుకుపోయి కూర్చుంది. మిగతా జనమంతా ఆ పెయింటు మబ్బుల మీద ఒట్టి కాళ్ళతో గెంతుతున్నారు. సిమెంటు నేల పెనంలా కాలుతోంది.

"ఏమైందత్తా?"

"మైకులో చెప్పారు బాబూ. పడవలు ఖాళీగా పోతన్నాయంట. మనుషులు లేని చెప్పులన్నీ తీసి పక్కన కుప్ప పోశారు."

ఆ కుప్ప దగ్గర జగన్నాథరావుగారు ఒక కిర్రు చెప్పు పట్టుకుని, రెండోది హెల్మెట్ కింద నలిగిపోయిందని హెల్మెట్టాయనతో కొట్లాడుతున్నారు. "ఈ ఉపాయం చెప్పిన మాస్టారేడీ?" అని ఎవరో అరిచారు. నేను జానెడు నీడలో బెత్తెడయ్యా.

"మరి జాయిస్ ఏది?"

"క్యూలో మనిషన్నది అదొక్కతేగా మిగిలింది? నేరుగా ముందుకి రమ్మన్నారు. నిన్ను గట్టిగా పిలిచింది కూడా. నువ్వు 'వస్తున్నా' అన్నావు."

"నన్ను లేపొచ్చుగా అత్తా!"

"నిద్దట్లో నవ్వుతున్నావు బాబూ. లేపబుద్ధి కాలా." కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "అదిగో, అదే మన జాయిస్. పక్కన ఉన్నవి నీ చెప్పులే."

తలెత్తి చూశా. ఆకాశంలో తెల్లటి పడవ మెల్లగా పోతోంది. జాయిస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని దూరంగా ఎటో చూస్తోంది. పక్క సీట్లో బెల్టు కట్టుకుని మా భోజనం సంచి కూర్చుంది. సంచి నెత్తిన నా టోపీ. కింద పాదాలుండాల్సిన చోట నా చెప్పులు బుద్ధిగా జంటగా ఉన్నాయి. అంతలో పైన లైటు తళుక్కుమంది. ఫొటో పడింది.

నా గుండెల్లో కలుక్కుమంది. నవ్వకండిరా, నిజంగానే. ఆవిడ అడిగింది ఆ ఒక్క ఫొటో. ఆ సీట్లో నేను కాకుండా మా పెరుగన్నం కూర్చుంది.

పడవ దిగిరాగానే ఆవిడ దగ్గరికి పరిగెత్తుదామని కాలు పెట్టా, కాలిపోయి వెనక్కి లాక్కున్నా. జాయిసే గొడుగు వేసుకుని తాపీగా నడిచొచ్చింది. నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది.

"చాలా మంచివి. ఒక్కమాటు కూడా ఎండ అని విసుక్కోలేదు."

"జాయిస్, ఇంకోసారి వెళ్దాం. ఎంత సేపైనా నిలబడతా. నువ్వు నీడలో కూర్చో. నిజంగా నిలబడతా."

"సరే, పదండి."

"అంటే... మళ్ళీ టికెట్లు తీసుకోవాలిగా?"

జాయిస్ పర్సు తెరిచి చూపించింది. లోపల ఇంకో జత టికెట్లున్నాయి.

"పొద్దునే రెండుసార్లకి తీసుకున్నా. మీతో ఇన్నేళ్ళు కాపురం చేశా, ఆమాత్రం తెలియదా? మొదటిసారి మీరు ఎటూ రారు. రెండోసారి అడక్కుండానే నిలబడతారు."

పిల్లలకి ఇన్నేళ్ళు డ్రిల్లు చేయించా. నాకు డ్రిల్లు చేయించింది మాత్రం ఈవిడే.

పొద్దు వాలుతుంటే నీడ బోర్డుకి అటుపక్కకి పోయింది. తల్లీ కూతుళ్ళు అందులో కూర్చుని నా వాటా పెరుగన్నం కూడా కలిపి తింటున్నారు. నేను నిలబడ్డా. నెత్తి మాడింది, వీపు మీద చొక్కా అంటుకుపోయింది. నా స్కూలు పిల్లలు ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. ఇంకాసేపట్లో ముందుకి వెళ్తాననగా నెత్తిమీద ఏదో నల్లగా కదిలింది. చూస్తే గొడుగు. దాని కింద జాయిస్. ఇద్దరికీ చాలేంత పెద్ద గొడుగు కాదది. నా మొహంలో సగం ఎండలోనే ఉండిపోయింది.

"ఎందుకొచ్చావు? నీడలో ఉండొచ్చుగా?"

"అక్కడ మీరు లేరుగా" అంది, ఎటో చూస్తూ.

పడవ పైకి లేచింది. నీళ్ళ పొగ చల్లగా మొహాన కొట్టింది. పెయింటు మబ్బులు, బోర్డు, చెప్పుల గొడవ, అన్నీ చిన్నవైపోయాయి. ఎక్కడా చప్పుడు లేదు. కలలో ఉన్నట్టే ఉంది కానీ, ఈసారి కాళ్ళకి చెప్పులున్నాయి. జాయిస్ నా చెయ్యి పట్టుకుని దూరంగా చూపించింది.

"అదిగో, కృష్ణ!"

"ఏది?"

"అదిగో, తెల్లటి గీత."

నాకు ఎండమావిలాగే కనిపించింది. "అవును, కృష్ణే" అన్నా. లైటు తళుక్కుమంది.

రెండు ఫొటోలూ ఇంటికొచ్చాయి. రెండోదాంట్లో నా మొహం సగం మామూలుగా, సగం కుంకుడుకాయ రంగులో ఉంది. కళ్ళు మూసుకున్నా. జాయిస్ కెమెరా వంక చూడట్లేదు, నన్ను చూసి నవ్వుతోంది. హాల్లో ఏది పెడుతుందోనని చూశా. మొదటిది పెట్టింది. అదేమంటే, "అందులో మీరు కుదురుగా కూర్చున్నారు" అంది. భవానీప్రసాద్ ఒళ్ళు చేశానన్నది ఆ సంచిని చూసే.

"మరి రెండోది?"

"ఏదో ఉందిలెండి" అంది.

ఆదివారం చర్చిలో తెలిసింది. పాస్టరుగారు వాక్యం చెబుతుంటే ఆడవాళ్ళ వైపు జాయిస్ బైబిలు తెరిచింది. పేజీల మధ్యలోంచి సగం మాడిన మొహం ఒకటి తొంగిచూసింది. నేను చూడనట్టు ఫ్యాను వైపు చూశా.

ఆరాధన అయ్యాక అందరికంటే ముందు బయటికొచ్చా. నా చెప్పులు పొద్దున్నే గోడ వారగా నీడలో పెట్టుకున్నా, చల్లగా ఉన్నాయి. మెట్ల ముందు జాయిస్ చెప్పులు నడి ఎండలో కాలిపోతున్నాయి. కదిలిస్తే వెతుక్కుంటుంది. అందుకని వెళ్ళి సూర్యుడికి అడ్డంగా నిలబడ్డా. నా నీడ సరిగ్గా వాటి మీద పడింది.

మా అత్తగారు గుమ్మంలోంచి చూసి, కూతురి మోచెయ్యి పొడిచింది.

"ఏంటండీ, చెట్టుండగా ఎండలో నిలబడ్డారు?" అంది జాయిస్.

"క్యూలో ఉన్నా" అన్నా.