మేము కాపాడిన అడవి

ఏటి మలుపులో ఇవతలి ఒడ్డున ఉన్న అడవిని మా వనప్రేమికుల సంఘం సంపూర్ణంగా కాపాడిందని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇక అక్కడ కాపాడవలసింది ఏదీ మిగలలేదు. ఇంత తక్కువ కాలంలో ఇంత పని పూర్తిచేసిన సంఘం మరొకటి ఉంటే చూపించమని మా అధ్యక్షులవారు సవాలు కూడా విసిరారు. ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు.

అధ్యక్షులవారు వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. ఒకనాడు రోగిని కుర్చీలో వాల్చి, నోరు తెరిపించి, మత్తు ఎక్కేలోగా పేపరు తిరగేస్తుంటే ఒక ప్రకటన వారి కంటబడింది. "ఏటి ఒడ్డున కలప చెట్లున్న భూమి అమ్మబడును. విహారానికి, వన్యప్రాణుల నివాసానికి ఎంతో అనుకూలం." వారి కళ్లు చెమర్చాయి. ఆ తడి కళ్లతోనే పన్ను పీకారు. పీకింది పక్క పన్నని తరువాత తేలింది గాని, మహానుభావులు ఆవేశంలో ఉన్నప్పుడు అలాంటివి పట్టించుకోకూడదు. సాయంత్రానికల్లా రోగులు కూర్చునే గదిలోనే సంఘం పుట్టింది. నేను కార్యదర్శినయ్యాను.

ఆ భూమి పడవ అక్కది. ఏరు దాటించే పడవ నడుపుతుంది కనుక అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఏటికి రెండు వైపులా ఉన్న అడవి తండ్రి నుంచి వచ్చింది. తన వాటా చేతిలో పెట్టమని తమ్ముడు పీకల మీద కూర్చోవడంతో ఇవతలి ఒడ్డు అమ్మక తప్పలేదు. మేము వెళ్లేసరికి ఆమె ముందుగదిలో కలప వ్యాపారి కూర్చుని ఉన్నాడు. అప్పటికే మేము ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ ధర చెప్పాడు.

"నేను చెట్లు కొడతానమ్మా. కొట్టడమే నా పని. కొట్టనని అబద్ధం చెప్పలేను" అన్నాడు.

అంత మోటు మనిషిని మేము ఎన్నడూ చూడలేదు. అధ్యక్షులవారు లేచి, గుండెల మీద చెయ్యి వేసుకుని ప్రసంగించారు. "అమ్మా! ఇతనికి చెట్టులో కలప కనిపిస్తుంది. మాకు కన్నతల్లి కనిపిస్తుంది. అక్కడ ఆకు రాలితే ఇక్కడ మా ప్రాణం రాలుతుంది. ఈ అడవిని కంటికి రెప్పలా కాచుకుంటాం!"

పడవ అక్క మా వైపు తిరిగింది. "నాకు పెద్ద మాటలు తెలీవు డాక్టరుగారూ. ఏటి మీదికి వంగిన ముసలి చెట్టు ఒకటుంది. దాని వేళ్ల కింద నీటికుక్కలు కాపురముంటున్నాయి. చేపలు పట్టుకుని వాటి బతుకు అవి బతుకుతాయి. మనిషి అలికిడి గిట్టదు వాటికి. వాటి జోలికి పోకుండా ఉంటారా?"

"సొంత పిల్లల్లా చూసుకుంటాం" అన్నారు అధ్యక్షులవారు.

ఆమె నమ్మింది. వ్యాపారి ఇస్తానన్న దానికంటే తక్కువకే అడవిని మా చేతుల్లో పెట్టింది. అధ్యక్షులవారి సొంత పిల్లలను ఆమె అప్పటికింకా చూడలేదు.

ప్రేమించినదాన్ని చూడకుండా ఉండలేం కనుక, ముందుగా కార్లు నిలపడానికి చోటు చదును చేశాము. తరువాత "చెట్లు నరకరాదు" అని ఒక పెద్ద చెక్క బోర్డు పెట్టించాము. చెక్క ఎక్కడినుంచో తేవడం దేనికని అక్కడిదే వాడాము. బోర్డుకు అడ్డంగా ఉన్న చెట్లను తీయించాక అది రోడ్డు మీదికి చక్కగా కనిపించింది. నడకదారి వేస్తే దాని మీద ఆకులు రాలడం మొదలుపెట్టాయి. ఊడ్చే మనిషిని పెట్టాము. ఎంత ఊడ్చినా రాలుతూనే ఉంటే, అధ్యక్షులవారు తమ వృత్తిజ్ఞానంతో ఆలోచించి, నొప్పి పోవాలంటే పీకడమే మార్గమని సెలవిచ్చారు. దారికి అటూ ఇటూ పీకించాము.

వన్యప్రాణులను దూరం నుంచి గౌరవంగా చూడడానికి ఎత్తయిన మంచె కట్టించాము. ఎక్కి చూస్తే చెట్లే తప్ప ఏమీ కనబడలేదు. అడవిని చూడనివ్వకుండా చెట్లు అడ్డం వస్తున్నాయని సభ్యులు ఆవేదన వ్యక్తం చేయగా, సదరు అడ్డు తొలగించడమైనది. పాము కనబడిందన్న ఫిర్యాదు మీద ఒక ఉపసంఘం వేశాము. చూడగానే ముద్దొచ్చేదే వన్యప్రాణి అనీ, ముద్దు రానిది కేవలం పురుగూ పుట్రా అనీ అది తేల్చింది. ఆ లెక్కన పొదలన్నీ తగలబెట్టించాము. దాంతో అడవి మరీ మూగబోయిందని, మైకు పెట్టి పక్షుల కూతలు వినిపించాము. మధ్యమధ్య అదే మైకులో "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని అరిపించేవాళ్లం.

పడిన చెట్ల కోసం కలప వ్యాపారిని పిలిచేవాళ్లం. మొదట్లో డబ్బిచ్చి తీసుకెళ్లాడు. చోటు తొందరగా ఖాళీ కావాలని తరువాత మేమే ఎదురిచ్చాము. ఒకసారి లారీకి తాడు బిగిస్తూ నసిగాడు. "నేనే కొనుంటే ఇంత కొట్టేవాణ్ణి కాదండీ. ముదిరినవి తీసుకుని లేతవి వదిలేసేవాణ్ణి. మళ్లీ రావాలి కదా."

"నీకు వ్యాపారం తెలుసు. ప్రేమంటే ఏం తెలుసయ్యా?" అన్నారు అధ్యక్షులవారు. అతను వెళ్లి రెండో లారీ తెచ్చుకున్నాడు.

చివరికి ముసలి చెట్టు మిగిలింది. మాటంటే మాటే. దాన్ని ముట్టుకోలేదు. నీటికుక్కలకు చీకట్లో దారి తెలియాలని రంగు దీపాలు మాత్రం వేలాడదీశాము. ఒక ఆదివారం అధ్యక్షులవారి బావమరిది ఫొటో కోసం కొమ్మెక్కి ఏట్లో పడ్డాడు. మోకాలి లోతు నీళ్లే. అయినా బావమరిది బావమరిదే. ఆ చెట్టును ప్రాణాంతక వృక్షంగా గుర్తించి, బరువెక్కిన హృదయాలతో కొట్టించాము. మధ్యలో రంపం ఆపించి ఒక నిమిషం మౌనం కూడా పాటించాము. మొద్దుతో బల్ల చేయించి, "నీ నీడను మరువము" అని దాని మీద చెక్కించాము. ఎండకు కాలిపోతుంటుంది కనుక ఆ బల్ల మీద ఎవరూ కూర్చోరు.

నీటికుక్కలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. ఇన్ని ఏర్పాట్లు చేసినందుకు కనీస కృతజ్ఞత లేదు. వాటి స్థానంలో సిమెంటు నీటికుక్కను నిలబెట్టాము. అది ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఎవరు మీదెక్కినా పారిపోదు.

ఇలా ఉండగా వార్షికోత్సవం నాడు దుర్భిణీలో చూస్తున్న అధ్యక్షులవారు కెవ్వున కేక వేశారు. నీటికుక్కలు! అవతలి ఒడ్డున, చెట్ల వేళ్ల మధ్య, పిల్లలతో సహా! సభ చప్పట్లతో దద్దరిల్లింది. వాటిని అక్కడ అలా దిక్కులేకుండా వదిలేయరాదనీ, అవతలి ఒడ్డును కూడా కాపాడవలసిందేననీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

వెంటనే పడవ అక్క దగ్గరికి వెళ్లాము. పడవ బోర్లించి అడుగుకు తారు పూస్తోంది. మమ్మల్ని చూసి లేవనైనా లేవలేదు.

"వాటా ఇంకా తీరలేదని తమ్ముడు మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అమ్మేస్తున్నాను" అంది. "కలపాయనకి మాటిచ్చేశాను."

"చెట్లు కొట్టేవాడికా!" అన్నారు అధ్యక్షులవారు నిర్ఘాంతపోయి.

"అవును, కొట్టేవాడికే. ఆయన కొడతాడు, పోతాడు. మళ్లీ చెట్లు ఎదిగేదాకా ఇటు తొంగిచూడడు. ఆ మధ్యలో అవి బతుకుతాయి. ఒడ్డు చెట్లు ముట్టుకోనన్నాడు, ముట్టుకోడు. మీరు కొట్టి పోరు కదా డాక్టరుగారూ! ప్రేమ ప్రేమ అంటూ అక్కడే తిష్ఠ వేస్తారు." తారు కుంచె పక్కన పడేసింది. "మిమ్మల్ని నమ్మి నా చేతులతో నేనే వాటి కొంప కూల్చాను. ఇంకోసారి ఆ పాపం చెయ్యను. వెళ్లండి."

ప్రకృతి మీద ఒక ఆడమనిషికి ఇంత కర్కశత్వమా అని మా సభ్యులు కుమిలిపోయారు. కన్నీళ్లు తుడుచుకుని ఉద్యమించారు. "అడవిని గొడ్డలి నుంచి కాపాడండి" అన్న కాగితం ఆఫీసుల్లో, బస్టాపుల్లో, బడి గేట్ల దగ్గర తిరిగింది. సంతకాలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. ప్రభుత్వం చలించి, కలప వ్యాపారికి అమ్మకాన్ని ఆపించింది. ఆ ఒడ్డును సేకరించి, అడవుల రక్షణలో అనుభవమున్న సంస్థకు అప్పగించింది. ఆ అనుభవం మాకు కాక ఎవరికుంది?

బోర్డు పెట్టాము. పని చురుగ్గా సాగుతోంది. నీటికుక్కలు నీళ్లలోంచి తల పైకెత్తి అటు చూస్తాయి, ఇటు చూస్తాయి. ఏటికి ఉన్నవి రెండే ఒడ్లు. కొన్నాళ్లు పడవ అక్క ఏటి నడుమ పడవ ఆపుకుని వాటినే చూస్తూ కూర్చునేది. అక్కడా మైకు పెట్టిన దగ్గర్నుంచి రావడం మానేసింది.

ఈ ఘనత మా ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. ఆ కాగితం మీ ముందుకూ వచ్చింది, గుర్తు తెచ్చుకోండి. పైన ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. అడవి ఎక్కడుంది, ఎవరిది అని మీరు అడగలేదు. టీ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుని సంతకం గీకేశారు. మీకు మా సంఘం తరఫున ప్రత్యేక ధన్యవాదాలు. ప్రారంభోత్సవానికి సకుటుంబంగా దయచేయండి. కార్లు పెట్టుకోవడానికి చోటు బోలెడంత ఉంది.